సమాపక క్రియ ఎక్కడుందో చూపించండి

(ఒక శాఖా గ్రంథాలయంలో డిగ్రీ విద్యార్థులకు, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండి. బోర్డు అందరికీ కనపడాలి, ఇవాళ బోర్డుతోనే పని.

నేను హైస్కూల్లో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. మొదటి పదేళ్ళు గ్రామర్‌ని నిర్వచనాలతో చెప్పాను. క్లాజ్ అంటే ఏమిటని అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. అదే పిల్లల ముందు పేపరు ముక్క పెట్టి ఇందులో క్లాజ్ ఎక్కడుందో చూపించమంటే వేలు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఒకరోజు నా పీరియడ్ ఖాళీ. పక్క గదిలో తెలుగు మాస్టారు సమాపక, అసమాపక క్రియలు చెబుతున్నారు. వరండాలో నిలబడి విన్నాను. నేను రెండు నెలలుగా చెప్పలేక అవస్థ పడుతున్న సంగతి ఆయన పది నిమిషాల్లో చెప్పేశారు. మర్నాటి నుంచి నా పాఠం అక్కడే మొదలుపెట్టాను. ఇవాళ మీకు చెప్పేదీ అదే. ఇంగ్లీషు వాక్యం అర్థం కావడానికి కావలసిన తాళంచెవి మీ తెలుగు వాచకంలోనే ఉంది. మీరు చదివారు, మార్కులు కూడా తెచ్చుకున్నారు. దాన్ని ఇటు వైపు తిప్పి వాడలేదు, అంతే.

‘మా అన్నయ్య వచ్చాడు.’ వాక్యం అయిపోయింది. వినేవాడికి ఇంకేమీ అక్కర్లేదు. ‘మా అన్నయ్య వచ్చి.’ వచ్చి? వచ్చి ఏం చేశాడు? అని చూస్తున్నారు మీరు. ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’, ‘వచ్చిన’, ఇవన్నీ అంతే. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం, క్రియాజన్య విశేషణం అని వీటికి పేర్లు. పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు. వాక్యాన్ని ముగించలేని క్రియ అసమాపకం, ముగించగలిగింది సమాపకం. ఇంకో తేడా గమనించండి. ‘వచ్చాడు’లో ఎవరు వచ్చారో తెలుస్తుంది. వచ్చాను అంటే నేను, వచ్చారు అంటే వాళ్ళో మీరో. ‘వచ్చి’ అంటే ఎవరైనా కావచ్చు.

ఇంగ్లీషువాళ్ళు ఈ రెంటినీ ఫైనైట్, నాన్ ఫైనైట్ అంటారు. ‘కేమ్’, ‘కమ్స్’ సమాపకాలు. ‘కమింగ్’, ‘టు కమ్’ అసమాపకాలు. ‘హి కమింగ్’ అని రాసే పిల్లలు ఉన్నారు కదా, వాళ్ళకి నేను తప్పు అని ఎర్ర గీత పెట్టను. ‘వాడు వస్తూ’ అని రాశావు నాయనా, తర్వాతేంటి? అని అడుగుతాను. వెంటనే ‘ఈజ్’ పెడతారు. ఎందుకంటే ‘వస్తున్నాడు’ అన్న మాటని విడగొడితే ‘వస్తూ ఉన్నాడు’. ‘వస్తూ’ అంటే కమింగ్, ‘ఉన్నాడు’ అంటే ఈజ్. రెండు భాషలూ ఒకే పద్ధతిలో కట్టాయి, మనం కలిపి పలుకుతాం, వాళ్ళు విడిగా రాస్తారు.

ఇప్పుడు ఫ్రేజ్, క్లాజ్ తేడా చెప్పడం తేలిక. తనకంటూ ఒక కర్త, ఒక సమాపక క్రియ ఉన్న మాటల గుంపు క్లాజ్. సమాపక క్రియ లేని గుంపు ఫ్రేజ్. ‘ఇన్ ద మార్నింగ్’ ఫ్రేజ్. ‘వెన్ ద సన్ రైజెస్’ క్లాజ్, ‘రైజెస్’ ఉంది కాబట్టి. ‘బిఫోర్ లంచ్’ ఫ్రేజ్, ‘బిఫోర్ ఐ ఈట్’ క్లాజ్. పొడవును బట్టి కాదు. ‘ఐ ఈట్’ రెండే మాటలు, అది క్లాజే. ఇరవై మాటలున్నా సమాపక క్రియ లేకపోతే అది ఫ్రేజే.

ఇక మన పిల్లలు ఎక్కడ జారిపడతారో చూద్దాం. బోర్డు మీద రాస్తున్నాను.

‘నేను పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, బస్సెక్కి, కాలేజీకి వెళ్ళాను.’

ఎన్ని పనులు? ఐదు. ఎన్ని సమాపక క్రియలు? ఒక్కటే. తెలుగు వాక్యం రైలు లాంటిది, బోగీలు ఎన్నయినా తగిలించుకోవచ్చు, ఇంజన్ ఒక్కటే, అదీ చివర్లో. కాలం సంగతి మొత్తం ‘వెళ్ళాను’ చూసుకుంటుంది. అలవాటు కొద్దీ మన పిల్లవాడు ఇంగ్లీషులో ‘ఐ గెట్ అప్, టేక్ బాత్, ఈట్ టిఫిన్ అండ్ వెంట్ టు కాలేజ్’ అని రాస్తాడు. చివరి క్రియకి మాత్రం భూతకాలం పెట్టాడు. అజ్ఞానంతో కాదు, తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ ఏ క్రియకి ఆ క్రియ తన కాలాన్ని తనే మోసుకోవాలి. ‘ఐ గాట్ అప్, హ్యాడ్ ఎ బాత్, ఏట్ బ్రేక్‌ఫాస్ట్, కాట్ ద బస్ అండ్ వెంట్ టు కాలేజ్.’ ఐదూ సమాపకాలే. తెలుగు ఒక్కదానితో సరిపెట్టుకునే చోట ఇంగ్లీషు చాలాసార్లు ఎన్ని పనులుంటే అన్ని సమాపక క్రియలు అడుగుతుంది. మన పిల్లలు రాసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే పుడతాయని నా నమ్మకం. అందుకే నిర్వచనాలు పక్కన పెట్టి సమాపక క్రియ వెతకమంటాను.

ఇంకో వాక్యం. ‘రోడ్డు మీద నడుస్తూ నన్ను కుక్క కరిచింది.’ వినడానికి ఎలా ఉంది? ఎవరు నడుస్తున్నట్టుంది? కుక్క నడుస్తున్నట్టుంది. మీ చెవికి వెంటనే తగిలింది. ‘నేను నడుస్తుంటే కుక్క కరిచింది’ అనాలి. ‘నడుస్తూ’కి సొంత కర్త ఉండదు, సమాపక క్రియ కర్తనే వాడుకుంటుంది. ‘నడుస్తుంటే’కి వేరే కర్త ఉండొచ్చు. సరిగ్గా ఇదే ఇంగ్లీషులోనూ. ‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ’ తప్పు. ‘వైల్ ఐ వాజ్ వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ’ ఒప్పు. మొదటిది ఫ్రేజ్, కర్తని అరువు తెచ్చుకుంటుంది. రెండోది క్లాజ్, ‘ఐ’ అనే సొంత కర్త ఉంది. పోటీ పరీక్షల్లో సెంటెన్స్ కరెక్షన్ కింద ఇది తరచూ అడుగుతారు. తెలుగులోకి తిప్పుకుని చూస్తే కుక్క నడుస్తోందా మీరు నడుస్తున్నారా అన్నది తేలిపోతుంది.

క్రియల రకాలకి వద్దాం. సకర్మకం, అకర్మకం గురించి ఎక్కువ చెప్పను, ఎవరిని, దేన్ని అని అడిగితే జవాబు వచ్చేది సకర్మకం, రానిది అకర్మకం. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పాలు కాగాయి, అమ్మ పాలు కాచింది. అన్నం ఉడికింది, అమ్మ అన్నం ఉడికించింది. మనకి రెండు వేర్వేరు రూపాలు. ఇంగ్లీషులో ‘ద మిల్క్ బాయిల్డ్’, ‘మదర్ బాయిల్డ్ ద మిల్క్’, రెండింటికీ ‘బాయిల్డే’. ఓపెన్, బ్రేక్, మూవ్ కూడా ఇలాంటివే. క్రియ పక్కన కర్మ ఉందా లేదా అన్నదాన్ని బట్టే అక్కడ రకం తెలుస్తుంది. అలాగే కొన్ని క్రియలకి తెలుగులో ‘గురించి’, ‘కి’ ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులోనూ అనవసరంగా ఒక మాట తగిలిస్తాం. సమస్య గురించి చర్చించాం అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అనేస్తాం. ఊరికి చేరాం కాబట్టి ‘రీచ్డ్ టు’. ‘డిస్కస్’, ‘రీచ్’ రెండూ సకర్మకాలు, కర్మని నేరుగా తీసుకుంటాయి. ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’, ‘వి రీచ్డ్ ద విలేజ్’. దీనికి అడ్డదారి లేదు, ఏ క్రియకి ఆ క్రియగా గుర్తుపెట్టుకోవాలి.

‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’ సంగతి. ‘ఆయన మా మాస్టారు.’ ఇందులో క్రియే లేదు, వాక్యం నిండుగా ఉంది. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు, మధ్యలో ‘ఈజ్’ ఉండాల్సిందే. తెలుగులో ఇలాంటిదేమీ లేదని చాలామంది అనుకుంటారు. ‘నేను డాక్టర్ని’, ‘నువ్వు డాక్టర్‌వి’, ‘మేం డాక్టర్లం’ అంటాం కదా. ఆ చివరి ‘ని’, ‘వి’, ‘ం’ ఏం చేస్తున్నాయి? నేను, నువ్వు, మేం అని కర్తని బట్టి మారుతున్నాయి. ‘యామ్’, ‘ఆర్’ చేసే పనికి అది చుట్టమే. ‘ఆమె డాక్టర్’ అన్నప్పుడు మాత్రం ఏమీ చేరదు, అందుకే మన పిల్లలు ‘షి డాక్టర్’ అని ‘ఈజ్’ని వదిలేస్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’. ఇవి తప్పని కోచింగ్ సెంటర్లో చెబుతారు, స్టేటివ్ వెర్బ్స్, అంటే స్థితిని చెప్పే క్రియలు, అని ఒక పట్టిక ఇస్తారు. నో, వాంట్, లైక్, నీడ్, అండర్‌స్టాండ్, రిమెంబర్, హావ్, సీ, హియర్. బట్టీ పడతారు, మాట్లాడేటప్పుడు మరిచిపోతారు. ఆ పట్టికని ఒక్కసారి తెలుగులో చెప్పండి.

నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. నాకు అవసరం. నాకు అర్థమైంది. నాకు గుర్తుంది. నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. నాకు కనిపిస్తోంది. నాకు వినిపిస్తోంది.

ఏమైనా కనపడిందా? 

[సభలోంచి: అన్నిటికీ ‘నాకు’ ఉంది మాస్టారూ.]

అన్నిటికీ ‘నాకు’ ఉంది! ఒక్కదానికీ ‘నేను’ లేదు. మనం పూనుకుని చేసే పనికి తెలుగు ‘నేను’ అంటుంది. మన ప్రమేయం లేకుండా మనకి కలిగే స్థితికి ‘నాకు’ అంటుంది. వండేది నేను, ఆకలేసేది నాకు. ఇంగ్లీషు కర్త స్థానంలో రెండు చోట్లా ‘ఐ’ పెట్టేసింది. కానీ ఆ తేడా ఆ భాషకి కూడా తెలుసు, దాన్ని ‘ఇంగ్’ దగ్గర చూపిస్తుంది. స్థితిని చెప్పే క్రియకి మామూలుగా ‘ఇంగ్’ రానివ్వదు.

ఇంకా ముందుకు వెళ్దాం. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ ఒప్పు, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ తప్పు. రెండూ ‘హావే’ కదా, ఎందుకు? తెలుగులో చెప్పండి. ‘నేను భోజనం చేస్తున్నాను.’ ‘నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు.’ తేడా కళ్ళముందే ఉంది. ‘థింక్’ చూడండి. ‘నేను ఆలోచిస్తున్నాను’, ‘ఐ యామ్ థింకింగ్’. ‘ఆయన చెప్పింది నిజమే అని నాకు అనిపిస్తోంది’, ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’. నేను వింటున్నాను, ‘ఐ యామ్ లిజనింగ్’. నాకు వినిపిస్తోంది, ‘ఐ కెన్ హియర్’. 

నూటికి నూరు పాళ్ళూ ఇది పనిచేయదు. నేను నమ్ముతున్నాను అంటాం, అయినా ‘ఐ యామ్ బిలీవింగ్’ అనకూడదు. నాకు నిద్రొస్తోంది అంటాం, ‘ఐ యామ్ ఫీలింగ్ స్లీపీ’ చక్కగా నడుస్తుంది. కానీ పట్టిక కంటే ఇది చాలా నయం, ఎందుకంటే తెలుగు మీ నాలుక మీద ఎప్పుడూ ఉంటుంది, పట్టిక ఉండదు. ‘నాకు అర్థం కావట్లేదు’ అనే చోట తెలుగు రూపం జరుగుతున్న పనిలా ఉంటుంది కాబట్టి ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ అని జారిపోతాం. అక్కడ క్రియని చూడకండి, ‘నాకు’ని చూడండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి, తెలుగు మీడియం, లెక్కల్లో క్లాసు ఫస్టు. ఒక ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ హావింగ్ వన్ సిస్టర్’ అంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారట. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆ పిల్ల ఎక్కడా ఇంగ్లీషులో నోరు విప్పలేదు. దేశమంతటా కోట్లమంది ఇలా మాట్లాడుతున్నారు, అవతలివాళ్ళకి అర్థమవుతూనే ఉంది. పరీక్షలో మార్కు పోతుంది, నిజమే, అందుకే నేర్పుతున్నాను. నవ్వడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

సరే, ‘ఐ డిడ్ నాట్ వెంట్’. ఇది కూడా తెలుగుతోనే పోతుంది. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళారు. వీటికి ‘కాదు’ చెప్పండి. నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. కాలమూ, కాదన్న సంగతీ ‘లేదు’ తీసుకుంది, మిగిలింది ఉత్త ‘వెళ్ళ’. ‘వెళ్ళానులేదు’ అని ఎవరైనా అంటారా? ‘డిడ్ నాట్ వెంట్’ అచ్చం అలాంటిదే. ‘డిడ్’ కాలాన్ని తీసేసుకుంది, మిగిలింది ఉత్త ‘గో’. ఇంగ్లీషులో క్రియ ఎన్ని ముక్కలుగా ఉన్నా మొదటి ముక్కే సమాపకం. ‘కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్’, ఈ తొమ్మిదింటి తర్వాతా అంతే, ఉత్త క్రియ వస్తుంది. ‘షి కెన్ సింగ్స్’ కాదు, ‘షి కెన్ సింగ్’.

‘గో’కి ‘వెంట్’ ఏమిటి, ఇలా రూపాలు మారిపోవడం ఏమిటి అని పిల్లలు అడుగుతారు. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే క్రియది, ‘గో’ దాన్ని తెచ్చుకుని సొంతం చేసుకుంది. మనకీ ఉంది కదా, వచ్చాను, వస్తాను, కానీ రాను, రా! ‘వచ్చు’కీ ‘రా’కీ అక్షరం కూడా కలవదు. పసిపిల్లలు కూడా ఇబ్బంది పడరు, రోజూ వాడతారు కాబట్టి. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే బి, హావ్, డు, సే, గో, కమ్, సీ, టేక్ అన్నీ క్రమం తప్పినవే. అరుదుగా వాడేవి మెల్లగా చివర ‘ఈడీ’ చేరే మామూలు క్రియల గుంపులో కలిసిపోతాయి. ‘హెల్ప్’కి ఒకప్పుడు ‘హోల్ప్’, ‘హోల్పెన్’ అనే రూపాలుండేవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ‘హోల్పెన్’ కనపడుతుంది. ఇప్పుడు అందరూ ‘హెల్ప్డ్’ అంటారు. కాబట్టి ఇలా క్రమం తప్పిన క్రియల పట్టికని పై నుంచి కిందికి చదవకండి, ఎక్కువ వాడే వాటితో వాక్యాలు కట్టి రోజూ మాట్లాడండి.

క్లాజుల దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. ‘వర్షం పడితే రాను.’ మనవాళ్ళు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అంటారు, రేపటి సంగతి కదా అని. తెలుగులో ‘పడితే’ అన్నాం. ‘పడుతుందితే’ అనలేదు. రేపటి సంగతి అని ‘రాను’ చెబుతోంది, ‘పడితే’ చెప్పదు. ఇంగ్లీషు కూడా ‘విల్’ని ఒక్క చోటే పెడుతుంది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్.’ నువ్వు వచ్చేదాకా ఉంటాను, ‘ఐ విల్ వెయిట్ అంటిల్ యు కమ్’. ఇదీ అంతే. ‘దో’ పెట్టి మళ్ళీ ‘బట్’ పెట్టే తప్పుకి కారణం మన వాడుకే. ‘ఎంత చదివినా కానీ పాసవలేదు’ అంటాం. ‘చదివినా పాసవలేదు’ అంటే చాలు, లేదా ‘చదివాడు కానీ పాసవలేదు’. ఒక ముడి చాలిన చోట రెండు వేస్తున్నాం. ఇంగ్లీషు ఆ రెండో ముడిని ఒప్పుకోదు.

ఇంకొకటి. ‘బస్టాండ్ ఎక్కడుంది?’ ప్రశ్న. ‘బస్టాండ్ ఎక్కడుందో తెలుసా?’ ఇందులో ‘ఎక్కడుందో’ ప్రశ్న కాదు, ‘ఓ’ చేరి దాన్ని వాక్యంలో ఒక ముక్కగా మార్చింది. ఇంగ్లీషులో ‘ఓ’ లేదు, మాటల వరస మారుస్తారు. ‘వేర్ ఈజ్ ద బస్టాండ్?’ ప్రశ్న. ‘డు యు నో వేర్ ద బస్టాండ్ ఈజ్?’ ఇందులో ‘వేర్ ద బస్టాండ్ ఈజ్’ అన్న ముక్క నౌన్ క్లాజ్, అంటే నామవాచకం పని చేసే క్లాజ్. తెలుగులో ‘ఓ’ వినపడిందా, ఇంగ్లీషులో ‘ఈజ్’ని కర్త ముందుకు లాగకండి.

[సభలోంచి: మాస్టారూ, పెద్ద వాక్యాలు వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ప్రిపోజిషన్లు గందరగోళంగా ఉంటాయి.]

మంచి ప్రశ్న అమ్మా. ‘మా ఊళ్ళో గుడి వెనక చెరువు గట్టు మీద’, ఇది ఫ్రేజ్, సమాపక క్రియ లేదు. దీన్ని చివరి నుంచి మొదటికి చదువు. గట్టు మీద, చెరువు, గుడి వెనక, మా ఊళ్ళో. ‘ఆన్ ద బండ్ ఆఫ్ ద ట్యాంక్ బిహైండ్ ద టెంపుల్ ఇన్ అవర్ విలేజ్.’ అద్దంలో చూసినట్టు తిరగబడింది. మనకి పెద్ద వస్తువు ముందు, అసలు చోటు చివర. వాళ్ళకి అసలు చోటు ముందు. మనకి ‘మీద’, ‘వెనక’ మాట తర్వాత వస్తాయి, వాళ్ళకి ముందు. ‘నిన్న మా ఇంటికి వచ్చిన పెద్దాయన’ కూడా అంతే, ‘ద ఓల్డ్ మ్యాన్ హు కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్‌డే’. పెద్దాయన చివరి నుంచి మొదటికి వచ్చేశాడు. మన ‘వచ్చిన’ అసమాపకం, వాళ్ళు దాన్ని ‘హు కేమ్’ అని సమాపకం చేసి ఒక క్లాజ్ కట్టారు. పేపర్లో పెద్ద వాక్యం కనపడితే ముందు సమాపక క్రియలన్నిటి కిందా గీతలు గీయి. ఎన్ని గీతలుంటే సాధారణంగా అన్ని క్లాజులు. ‘హు’, ‘విచ్’, ‘దట్’, ‘వెన్’, ‘ఇఫ్’ లాంటి మాటలు మొదట్లో లేని క్లాజ్ దొరికితే చాలావరకు అదే ప్రధాన వాక్యం.

[సభలోంచి: పాసివ్ వాయిస్ అసలు ఎందుకండీ? తెలుగులో ‘కట్టబడింది’, ‘చేయబడింది’ అని ఎవరూ మాట్లాడరు కదా.]

మాట్లాడరు, అక్కర్లేదు కూడా. ‘కుక్క రాముణ్ణి కరిచింది’, ‘రాముణ్ణి కుక్క కరిచింది’. ఎటు మార్చినా కరిచింది కుక్కే, ‘ణ్ణి’ కాపలా కాస్తోంది. ఇంగ్లీషులో ఆ విభక్తి లేదు, ముందున్నవాడే కర్త. మాటలు అటూ ఇటూ మారిస్తే రామూ కుక్కని కరిచినట్టవుతుంది. మరి రాముడి గురించే ముందు చెప్పాలంటే? అందుకు వాళ్ళు క్రియనే మార్చుకున్నారు, ‘రాము వాజ్ బిటెన్ బై ఎ డాగ్’. 

మనందరికీ తెలిసిన వాక్యం తీసుకుందాం. ‘ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర కట్టించారు.’ అది 1852లో పూర్తయింది. మనం చెప్పదలచుకున్నది ఆనకట్ట గురించి, కాబట్టి ‘ని’ పెట్టి ముందుకు తెచ్చాం, క్రియ మారలేదు. ఇంగ్లీషులో రాస్తున్నాను చూడండి. ‘ద ధవళేశ్వరం ఆనికట్ వాజ్ బిల్ట్ బై కాటన్.’ ‘ఆనికట్’ అన్న మాట మన దక్షిణాది భాషల్లోంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఈ వాక్యాన్ని బోర్డు మీదే ఉంచుతున్నాను. సుద్దముక్క ఇక్కడుంది. ‘వాజ్’ కింద గీత గీయాలా, ‘బిల్ట్’ కిందా? ఇందాక ఆ మూల నుంచి జవాబు చెప్పిన బాబు ముందుకు రా.